జీతం ఐదున పడి ఇరవైకల్లా అయిపోతోందా? నెలను ఆరేసి రోజుల కవర్లుగా విడగొట్టి నడిపే పద్ధతి

మా ఆయనకి జీతం ప్రతి నెలా ఐదో తారీఖున పడుతుంది. పెళ్లయిన కొత్తలో మూడు నాలుగేళ్లు మా ఇంట్లో ఒకటే తంతు. ఐదు నుంచి పదిహేను దాకా మహారాజులం, ఇరవై దాటితే ఎదురింటి అక్క గుమ్మం దగ్గర "ఒక ఐదొందలు సర్దండి అక్కా, జీతం పడగానే ఇచ్చేస్తాను" అని నిలబడటం. ఐదున ఇచ్చేసేదాన్ని, మళ్లీ ఇరవై రెండున తెచ్చుకునేదాన్ని. ఆ ఐదొందలు నావీ కావు, ఆవిడవీ కావు, రెండిళ్ల మధ్య తిరుగుతూ ఉండేవి.

తర్వాత ఒక నెల పంతం పట్టి ప్రతి రూపాయీ రాశాను. తేలిందేంటంటే, మా డబ్బు నెలాఖరులో అయిపోవట్లేదు. మొదటి పది రోజుల్లోనే అయిపోతోంది, ఆ సంగతి మాకు ఇరవైకి తెలుస్తోంది. అందుకని "నెలాఖరులో కాస్త జాగ్రత్తగా ఉండండి" అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది, అప్పటికి జాగ్రత్త పడటానికి చేతిలో ఏముంటుంది? బిగించాల్సింది మొదటి పది రోజుల్ని.

కింద రాసిన అంకెలు ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో అద్దె ఇంట్లో ఉంటున్న మావి: మేమిద్దరం, ఐదో తరగతి చదివే పాప, అత్తయ్యగారు, చేతికొచ్చే జీతం 40,000. మీ అంకెలు వేరుగా ఉంటాయి, వరస మాత్రం ఇదే పెట్టుకోండి.

ముందు ఒక నెల ఊరికే రాయండి

ఏమీ తగ్గించకండి, ఏమీ మార్చకండి, రాయండి చాలు. ఫోన్లో యాప్ వద్దు, పాప పాత నోట్సులో మిగిలిన పేజీలు చాలు, ఎందుకంటే యాప్‌లో రాస్తే మీరొక్కరే చూస్తారు, పుస్తకం టీవీ పక్కన పడేస్తే ఇంట్లో అందరూ చూస్తారు.

నా పుస్తకంలో ఒక ఆదివారం పేజీ ఇలా ఉంది: బొచ్చె చేప కిలోన్నర 330, కోసినందుకు 30, కొత్తిమీర 10, పాపకి ఐస్‌క్రీం 40, ఫోన్ కవరు 150, కాజాలు 200, అత్తయ్యగారి మోకాళ్లకి నూనె 180, ఏదో 260. మొత్తం 1,200. ఒక్క రోజులో! అందులో నాకు బాగా గుచ్చుకున్నది చేప కాదు, కాజాలూ కాదు, ఆ చివరి "ఏదో". దేనికి పెట్టామో సాయంత్రానికే గుర్తులేని డబ్బు 260. నెల మొత్తం మీద "ఏదో"లన్నీ కూడితే చీటీ కట్టే డబ్బుకి దగ్గరగా వచ్చింది. మీ పుస్తకంలో కూడా "ఏదో" అని రాయడానికి సిగ్గుపడకండి, పట్టుకోవాల్సింది దాన్నే.

తారీఖులు సర్దుకోండి

ఇది పది నిమిషాల పని, కానీ చాలామంది చేయరు. మా బండి ఈఎంఐ మూడో తారీఖున ఉండేది, జీతం ఐదున. ఖాతాలో డబ్బు లేక రెండుసార్లు బౌన్స్ అయింది, ఫైనాన్స్ కంపెనీ వాళ్లొక ఛార్జీ, బ్యాంకు వాళ్లొక ఛార్జీ, రెండు రోజుల తేడాకి ఇద్దరికీ సమర్పించుకున్నాం. తారీఖు మార్చమని అడిగితే ఒకసారి ఫోన్లో కుదరదన్నారు, ఆఫీసుకి వెళ్లి కాగితం రాసిస్తే ఎనిమిదికి మార్చారు. అడిగి చూడండి.

ఈఎంఐ, చీటీ, అద్దె, ఇన్సూరెన్స్, ఏది ఖాతాలోంచి దానంతట అది పోయేదైనా, జీతం పడిన రెండు మూడు రోజుల్లో పోయేలా పెట్టుకోవాలి. మరుసటి రోజే పెట్టొద్దు, జీతం ఒక్కోసారి ఆదివారం అడ్డొచ్చి ఒక రోజు జారుతుంది.

కదలని ఖర్చులు పక్కన పెట్టేయండి

మావి ఇవి: అద్దె 7,500, చీటీ 3,000, బండి ఈఎంఐ 3,100, స్కూలు ఫీజు, ఆటో కలిపి 3,200, ఫోన్లు, వైఫై 1,100, పాలు 2,200, కరెంటు 1,400, బియ్యం 1,500, పెట్రోలు 2,000. మొత్తం 25,000. మిగిలింది 15,000. ఈ 15,000 చూసి "ఇంకేం, బోలెడు" అనుకున్నన్నాళ్లూ మునిగాం. ఇది మొత్తం మీది కాదు, ఎందుకో తర్వాత చెబుతాను.

ఇందులో రెండు మాటలు. బియ్యం చిన్న ప్యాకెట్లు కొనకండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది, షాపుల్లో 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే. మీకు పల్లెలో చేను ఉన్న బంధువులుంటే దాళ్వా (రబీ) కోతలప్పుడే మాట్లాడుకుని ధాన్యం మర పట్టించుకోండి, మన గోదావరి డెల్టాలో పుట్టి కూడా బియ్యం ప్యాకెట్లలో కొనడం నాకైతే మనసొప్పదు. కాకపోతే కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని అత్తయ్యగారు పేచీ పెడతారు, అందుకని ఒక బస్తా వెనక ఒక బస్తా నిలవ ఉండేలా చూసుకుంటాను.

రెండోది కరెంటు. మన రాష్ట్రంలో ఇంటి మీటరుకి నెలకి 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, 226వ యూనిట్ నుంచి 8.75. దీనిపైన సర్దుబాటు ఛార్జీలు వేరే. రీడింగ్ తీసిన రోజు నుంచి పదిహేను రోజులకి ఒకసారి మీటరు దగ్గరికెళ్లి అంకె చూసి రాసుకుంటాను, వాడకం 110 యూనిట్లు, అంటే 225లో దాదాపు సగం, దాటితే ఇంట్లో ప్రకటన చేస్తాను. మే నెలలో ఈ ఉక్కపోతకి ఆ ప్రకటన ఎవరూ వినరు, అది వేరే సంగతి, అందుకే వేసవి మూడు నెలలూ కరెంటుకి ముందే ఐదొందలు ఎక్కువ వేసుకుని పెట్రోలు, కూరల్లో తగ్గిస్తాను.

రేషన్ కార్డు ఉన్నవాళ్లు సరుకు ఒకటి నుంచి పదిహేను లోపే తెచ్చుకోండి. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమే అయినా డబ్బు ముందు మనం కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది, కాబట్టి సిలిండరు డబ్బు లెక్కలోంచి తీసేయకండి.

ఏడాదికోసారి వచ్చేవే అసలు దొంగలు

నెల తప్పడానికి కారణం కూరగాయల ధర కాదు. ఎప్పుడో వచ్చే ఖర్చు, అదీ వస్తుందని ముందే తెలిసిన ఖర్చు. సంక్రాంతి జనవరిలో వస్తుందని మనకి తెలీదా? అయినా ప్రతి ఏడాదీ భోగి ముందు రోజు ఎవరో అప్పు అడిగినట్టు కంగారు పడతాం.

నేను ఒక పేజీ మీద ఏడాది మొత్తం రాశాను. సంక్రాంతి 10,000 (ఆడపడుచు కుటుంబం వస్తుంది, బట్టలు, పిండివంటలు, కనుమ నాటి ఖర్చు). జూన్‌లో పాప పుస్తకాలు, యూనిఫాం 8,000. ఇన్సూరెన్స్ ప్రీమియం 7,800. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైరు 4,300. ఏప్రిల్లో ఆవకాయ 3,500: కాయలు, కారం, ఆవపిండి, పప్పు నూనె, పైగా మా ఇంట్లోకే కాదు, ఆడపడుచుకి ఒక జాడీ. ఇక పెళ్లిళ్లు 12,000. మొత్తం 45,600. పన్నెండుతో భాగిస్తే నెలకి 3,800. ఆ 15,000లోంచి ఈ 3,800 ఐదో తారీఖునే బయటికి వెళ్లిపోవాలి.

పెళ్లిళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మన వైపు మధ్యతరగతి ఇంటిని కుదిపేది ఇదే. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే టేబుల్ మీద శుభలేఖలు దొంతర పడతాయి, ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ఒక్కటీ ఉండదు. అంటే ఈ ఖర్చు నెలనెలా సమానంగా రాదు, ముహూర్తాలని బట్టి వస్తుంది. ఉగాదికి కొత్త క్యాలెండర్ తగిలించగానే ముహూర్తాలు ఎక్కువున్న నెలలకి పెన్సిల్‌తో గీత పెట్టండి, శూన్యమాసంలో మిగిలిందే ఆ నెలలకి పనికొస్తుంది.

చదివింపులకి కొలత ముందే పెట్టుకోవాలి. అత్తయ్యగారి దగ్గర పాత చదివింపుల పుస్తకం ఉంది, మా పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో అన్నీ అందులో ఉన్నాయి. శుభలేఖ రాగానే ముందు ఆ పుస్తకం తీస్తాం. వాళ్లు 516 పెట్టి ఉంటే మేం 1,116, అంతకు మించదు. దగ్గరి చుట్టాలైతే 2,116. కేవలం పరిచయస్తులైతే ఈయన ఒక్కరూ వెళ్లి 516 చదివించి వస్తారు. ముందే అనుకోకపోతే పెళ్లి మండపం గుమ్మం దగ్గర పక్కవాళ్ల కవరు మందం చూసి మనం ఇంకో ఐదొందలు దూరుస్తాం.

ఈ ఏడాది డబ్బు ఇంట్లో పెట్టొద్దు, జీతం ఖాతాలోనూ వద్దు. వేరే బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతా ఒకటి తెరిచి, దానికి యూపీఐ కలపకుండా వదిలేయండి. మా ఏటీఎం కార్డు అత్తయ్యగారి బీరువాలో ఉంటుంది. అడిగితే ఇస్తారు, కాకపోతే "ఎందుకమ్మాయ్?" అని ఒక్క మాట అంటారు. ఆ మాటకి జవాబు చెప్పలేక నేను రెండుసార్లు చీర మానేశాను.

మొదటి ఏడాది మాత్రం కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఖాతా ఖాళీ. మార్చిలో మొదలుపెడితే జూన్ లోపు మూడు వాయిదాలు, 11,400 పడతాయి, ఆవకాయ, స్కూలు కలిపి 11,500, అంటే వైశాఖం పెళ్లిళ్లకి పైసా లేదు. అదే స్కూలు ఖర్చు దాటాక జూలైలో మొదలుపెడితే సంక్రాంతి లోపు ఏడు వాయిదాలు, 26,600. ఊపిరాడుతుంది.

ఇప్పుడు ఐదు కవర్లు

15,000లో 3,800 పోతే 11,200. నెలవారీ కిరాణా, గ్యాస్ కలిపి 4,200 తీసేస్తే 7,000. కూరలు, చేపలు, మాంసం, పండ్లు, టిఫిను, మందు బిళ్లలు, ఆటో, మంగలి, కొబ్బరికాయ, పాప ప్రాజెక్టుకి చార్టు, అన్నీ ఇందులోంచే.

అందరూ చెప్పేది వారానికింత అని. నేనూ మొదట నాలుగు వారాలుగా విడగొట్టాను, ప్రతి నెలా రెండో తారీఖుకి దొరికిపోయాను. నాలుగు వారాలంటే 28 రోజులు, నెలకి ముప్పై. మనల్ని ముంచేది ఆ మిగిలిన రెండు మూడు రోజులే. అందుకని ఆరేసి రోజులు ఐదు ముక్కలు చేశాను: 5 నుంచి 10, 11 నుంచి 16, 17 నుంచి 22, 23 నుంచి 28, 29 నుంచి 4. ఒక్కో కవరులో 1,400. కవరు మీద తారీఖులు స్కెచ్ పెన్నుతో రాసి ఉంటాయి. 31 రోజుల నెలలో ఆఖరి కవరు ఏడు రోజులకి సాగాలి, ఆ ఒక్కరోజు పప్పుచారుతో గడిపేస్తాం.

నియమాలు మూడే. కవరు తారీఖు రాకముందు తెరవకూడదు. తప్పనిసరై ఒక కవరు ముందే అయిపోతే మాత్రం పక్క కవరులోంచి తీయొచ్చు కానీ, తీసిన సొమ్ము ఆ కవరు మీదే రాయాలి, "200 తీసింది: చికెన్" అని. మిగిలితే తర్వాతి కవరులోకి పోదు, పక్కన ఒక హార్లిక్స్ సీసా ఉంది, అందులో పడుతుంది. ఇది ముఖ్యం, మిగిలింది తర్వాతి కవరులో కలిపితే "డబ్బు ఎక్కువుందిలే" అన్న ధీమా వచ్చేస్తుంది.

మొదటి నెల మా ఆయన ఎనిమిదో తారీఖుకే వచ్చి "మొదటి కవరులో ఎంతుంది?" అన్నారు. "నూట డెబ్బై." "అదేంటి, ఐదున జీతం పడింది కదా!" "పడిందండీ. పదో తారీఖు దాకా ఇంకో జీతం పడదు." ఆ రోజు నుంచి ఆయనకి నెలకి ఐదు జీతాలు.

మన వైపు ఓ సామెత ఉంది కదా, పుస్తెలు అమ్మైనా పులస తినాలని. అది కట్టినవాడు నెల జీతగాడై ఉండడు. 1,400 కవరులో అంత ఖరీదైన పులస చేపకి చోటు లేదు. శ్రావణంలో అందరి ఇళ్లలోంచీ ఆ వాసన వస్తుంటే బాధగానే ఉంటుంది, ఆ వారం శీలావతి చేప తెచ్చి బెండకాయలు వేసి పులుసు పెడతాను.

కవరులో నోట్లుంటే సరే, ఫోన్‌పే సంగతేంటి?

ఇది అసలైన ప్రశ్న, ఎందుకంటే ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా స్కానర్ ఉంది. నోటు విప్పి ఇచ్చేటప్పుడు ఉండే చిన్న బాధ స్కాన్ చేస్తే ఉండదు. మేం చేసింది యూపీఐ లైట్, అంటే చిన్న ఖర్చులకి ముందుగా కొంత డబ్బు యాప్‌లోనే విడిగా వేసి ఉంచుకునే పర్సు. అందులో ఒకసారికి 5,000 వరకు ఉంచుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 దాటదు. కవరు డబ్బులో కొంత నోట్లుగా ఉంచి, మిగతాది ఈయన ఫోన్లో లైట్‌లోకి వేస్తాను, మామూలుగా 400. అది అయిపోతే అయిపోయినట్టే, అసలు ఖాతాలోంచి స్కాన్ చేయకూడదు. మధ్యలో దానంతట అదే నిండే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపేయండి, లేకపోతే ఇదంతా వృథా. ఒక ఇబ్బంది ఏంటంటే లైట్‌లో పెట్టిన చిన్న చిన్న ఖర్చులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో విడివిడిగా కనిపించవు, యాప్‌లోనే చూసుకోవాలి.

కిరాణా, కూరలు

కిరాణాలో పద్దు మానేయండి. పద్దు ఉన్నంతకాలం ధర అడగం, బ్రాండు మార్చం, పిల్లలు వెళ్లి "మా అమ్మ రాయమంది" అని చాక్లెట్ తెచ్చుకుంటారు. మా పద్దు 3,100 ఉంటే మూడు నెలలు పట్టింది తీర్చడానికి, కొట్టు ఆయన ఏమీ అనలేదు. ఆరో తారీఖున సరుకుల చీటీ రాసుకుని వెళ్లి ఒకేసారి తెస్తాను. కూరలు సంతలో సాయంత్రం కొంటాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు కట్టక్కర్లేదు కాబట్టి ఆటో ఖర్చు బాగా తగ్గింది, కానీ బస్సు ఉచితం అని భీమవరం షాపింగ్‌కి వెళ్లొస్తే ఎంతయిందో ఆ నెల కవర్ల మీద రాసే ఉంది.

చీటీ ఎత్తే ముందు, అప్పు చేసే ముందు

చీటీ మంచిదే, బలవంతంగా పొదుపు చేయిస్తుంది. కానీ రిజిస్టరైన చిట్ కంపెనీలోనే వేయండి. 1982 నాటి చట్టం కింద నడిచేవాటికి కమిషన్ 7 శాతం దాటకూడదు, తెలిసినావిడ నడిపే చీటీకి ఆ రిజిస్ట్రేషనూ ఉండదు, మునిగితే అడిగే దిక్కూ లేదు. ఫ్రిజ్ కోసం, ఫోన్ కోసం మొదటి నెలల్లో పాట పాడి ఎత్తకండి, పాటలో వదులుకున్నది కూడా ఆ ఫ్రిజ్ ధరలో భాగమే.

అప్పు తప్పకపోతే వడ్డీని మన లెక్కలోనే చూడండి. నూటికి రెండు రూపాయలు అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు బిల్లులో మినిమం కట్టి వదిలేస్తే నూటికి మూడు, మూడున్నర దాకా పోతుంది, అంటే వడ్డీ వ్యాపారి కంటే ఎక్కువ. బ్యాంకులో బంగారం పెడితే రూపాయి లోపే. గాజులు పెట్టడానికి నామోషీ పడి కార్డు గీకేవాళ్లని చూశాను.

జీతమే ఆలస్యమైతే

ఈయన పనిచేసేది రొయ్యల వ్యాపారానికి ముడిపడిన కంపెనీ. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది, ఇక్కడ చెరువుల దగ్గర రేటు పడింది, సెప్టెంబరులో మా జీతం ఐదున కాకుండా పద్నాలుగున పడింది. తొమ్మిది రోజులు.

అప్పటికి నా దగ్గర ఆరో కవరు ఉంది. నేను ఖాళీ వేళల్లో నరసాపురం లేసు అల్లుతాను, డబ్బు ఎప్పుడొస్తుందో ఎంతొస్తుందో ఏజెంటు చేతిలో ఉంటుంది, అందుకని దాన్ని నెల లెక్కలో ఎప్పుడూ కలపను. వచ్చింది వచ్చినట్టు 1,400 అయ్యేదాకా ఒక కవరులో వేసి, దాని మీద తారీఖు రాయకుండా ఉంచాను. ఆ కవరు ఆరు రోజులు లాగింది, మిగతా మూడు రోజులకి హార్లిక్స్ సీసాలో 640 దొరికాయి. మీకు పక్క ఆదాయం ఏదీ లేకపోతే ఐదు కవర్లలోంచి తలా యాభై తీసి మొదలుపెట్టండి, ఆరు నెలలు పడుతుంది.

ఇంటి ఓనరుగారికి ఐదో తారీఖు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. పదిన ఆయన అడిగాక చెబితే అది సాకు, ఐదున మనమే చెబితే కబురు. "పర్లేదమ్మా, పడగానే పంపండి" అన్నారు. చీటీ వాళ్లకీ అలాగే చెప్పాను, ఈఎంఐ మాత్రం ఎవరికి చెప్పినా ఆగదు కాబట్టి ఏడాది ఖాతాలోంచి 3,100 తీసి కట్టి, పద్నాలుగున తిరిగి వేసేశాను. ఈసారి అత్తయ్యగారు కార్డు ఇస్తూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఆరో కవరు మళ్లీ నిండింది. దాని వెనక ఏడోది మొదలుపెట్టాను, అందులో ప్రస్తుతానికి 600 ఉన్నాయి.